మనసు మందులతో వికారం: మానేయాలా, ఓర్చుకోవాలా?

ఆందోళనకి డాక్టర్ ఎస్సిటాలోప్రామ్ రాశారనీ, మొదలుపెట్టిన దగ్గర్నుంచీ పొద్దున్నే కడుపులో తిప్పుతోందనీ, వైజాగ్ గాజువాకలో బస్సెక్కి ఎన్‌ఏడీ జంక్షన్ దాటేసరికి డోకొస్తోందనీ, మందు మానేయాలా అనీ అడిగారు.

డాక్టర్‌ని అడక్కుండా మాత్రం మానకండి. కొన్నాళ్ళు వాడాక ఉన్నట్టుండి ఆపేస్తే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు ఉండడం, వీటితో పాటు వికారం కూడా రావచ్చు. అంటే దేన్ని వదిలించుకుందామని ఆపుతారో అదే మళ్ళీ తగులుకోవచ్చు.

నేను వాడింది సెర్ట్రాలిన్. మీ మందుకి దగ్గరి చుట్టమే. మొదటి వారం అన్నం గిన్నె మూత తీస్తే చాలు, ఓకరింపు వచ్చేది. ఆదివారం ఇంట్లో చేపలు వేయిస్తుంటే మేడ మీదికి పోయి కూర్చునేదాన్ని. తర్వాత మెల్లగా పలచబడి, ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు. చాలామందికి ఒకటి రెండు వారాల్లో ఇలాగే తగ్గుతుంది. నరాల మధ్య కబుర్లు మోసే సెరొటోనిన్ అనే రసాయనం ఒంట్లో ఉన్నదాంట్లో సుమారు 90 శాతం ఉండేది పేగుల్లోనేనట. ఈ మందులు పనిచేసేది సెరొటోనిన్ మీదే కాబట్టి, మనసు కంటే ముందు కడుపుకి తెలుస్తుంది. డాక్టర్ ఇది చెప్పాక కడుపు పాడైపోతోందన్న భయం పోయింది. భయం పోయాక తిప్పడం కూడా కొంత తగ్గింది. ఆందోళన ఉన్నవాళ్ళకి టెన్షన్‌తోనే కడుపులో దేవుతుంది కదా, ఏది దేనివల్లో విడదీయడం కష్టం.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది వేళ మార్చడం. పొద్దున కాకుండా రాత్రి భోజనం అయ్యాక వేసుకోమన్నారు. వికారం ఎక్కువగా ఉండే గంటలు నిద్రలో గడిచిపోయాయి. ఈ మందుతో నిద్ర పట్టనివాళ్ళూ ఉంటారు, వాళ్ళకి పొద్దున్నే నయం. అందుకే అడిగి మార్చుకోండి. తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచే పద్ధతి కూడా ఉంది, అదీ అడగండి. పొద్దున్నే వేసుకోవాల్సి వస్తే పరగడుపున వద్దు, కాఫీ ఒక్కటే తాగి అసలు వద్దు. రెండు ఇడ్లీలు తిన్నాక వేసుకోండి. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్ళయితే ఈసారికి పాలూ పళ్ళూ అయినా తీసుకోండి, శివుడేమీ అనుకోడు.

తిండి కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినండి. పల్చటి గంజి, మజ్జిగన్నం నాకు దిగేవి. పచ్చళ్ళు, నూనె వేపుళ్ళు కొన్నాళ్ళు పక్కన పెట్టాను. నోట్లో చిన్న అల్లం ముక్క పెట్టుకుంటే హాయిగా ఉండేది. బస్సులో అయితే ముందువైపు కిటికీ పక్కన కూర్చోండి, ఫోన్ చూడకండి, సంచిలో గుప్పెడు మరమరాలు ఉంచుకోండి.

మందుల షాపులో వాంతుల బిళ్ళ అడిగి కొనుక్కోవడం మన దగ్గర మామూలే. ఇక్కడ మాత్రం అది వద్దు. ఆన్‌డాన్‌సెట్రాన్, డోంపెరిడోన్ లాంటివి ఎస్సిటాలోప్రామ్‌తో కలిస్తే కొందరిలో గుండె లయ మీద ప్రభావం చూపిస్తాయి. మీ డాక్టర్ రాస్తే సరే.

ఇంకో తలనొప్పి ఇంట్లోవాళ్ళతో. పెళ్ళైన ఆడది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే చాలు, "ఏమే, విశేషమా?" అంటారు. పక్కింటి పిన్నిగారు నాకు చింతకాయలు కూడా తెచ్చిచ్చారు! మందుల సంగతి ఎవరికీ చెప్పలేదు కాబట్టి తిని ఊరుకున్నాను. నవ్వులాటకే అయినా, నెల తప్పి ఉంటే మాత్రం పరీక్ష చేసుకుని డాక్టర్‌కి చెప్పండి. మనసు మందుల్లో కొన్ని, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, కడుపులో బిడ్డకి మంచివి కావు.

కొన్ని లక్షణాలుంటే ఓర్చుకోవడం ధైర్యం కాదు. మంచినీళ్ళు కూడా నిలవకపోవడం, వాంతిలో రక్తం, జ్వరంతో పాటు వణుకు, కండరాలు బిగుసుకుపోవడం, మనిషి కంగారుగా గజిబిజిగా అయిపోవడం ఉంటే ఆ పూటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాల్టీకో, దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్ళాలి. లిథియం అనే మనసు మందు వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాంతులూ విరేచనాలూ అయినా, మన వైజాగ్ ఎండల్లో చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గినా రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట తడబడడం దానికి గుర్తులు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తే డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మళ్ళీ వెళ్ళి చెప్పండి. వికారం తక్కువగా ఉండే మందులు వేరే ఉన్నాయి. ఫీజు గురించి వెనకాడుతుంటే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఓపీ ఉంది. వెళ్ళేటప్పుడు మాత్ర ఏ టైముకి వేసుకున్నారో, ఎంతసేపటికి తిప్పిందో, ముందు ఏం తిన్నారో ఒక కాగితం మీద రాసుకెళ్ళండి. వేళ మార్చాలా, డోసు తగ్గించాలా, మందే మార్చాలా అన్నది డాక్టర్‌కి తేల్చడం సులువవుతుంది.