మీటర్ రీడింగ్ ఇంగ్లండ్‌లో తేలితే?

ప్రశ్న: వెబ్‌లోని తెలుగు వార్తల్లోంచి ఊళ్ల పేర్లు ఏరి, మ్యాప్ మీద చుక్కలుగా చూపే ప్రోగ్రామ్ రాస్తున్నాను. ఊళ్ల జాబితా జియోనేమ్స్ అనే ఉచిత స్థలనామాల డేటాబేస్‌ది. సగం ఊళ్లు అసలు దొరకడం లేదు. దొరికినవాటిలోనూ తప్పులే. కొన్ని చుక్కలైతే ఆఫ్రికా పక్కన సముద్రంలో పడుతున్నాయి! లోపం ఎక్కడుంది?

జవాబు: సముద్రం సంగతి తేలిక. ఊరు దొరకనప్పుడు మీ ప్రోగ్రామ్ అక్షాంశం 0, రేఖాంశం 0 అని రాసేస్తున్నట్టుంది. ఆ బిందువు గినియా సింధుశాఖలో ఉంది. అక్కడ నేలే లేదు. దారి తప్పిన డేటా అంతా అక్కడికే చేరుతుందని మ్యాపుల వాళ్లు సరదాగా నల్ ఐలాండ్ అంటారు. సున్నా బదులు ఖాళీ వదలండి.

ఊళ్లు దొరకకపోవడానికి మన విభక్తులే కారణమై ఉంటాయి. జాబితాలో లండన్ ఉంటుంది, వార్తలో లండన్‌లో, లండన్‌కు, లండన్‌నుంచి. పైగా ఆ పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని నాన్-జాయినర్ (ZWNJ) గుర్తు ఒకటి ఉంటుంది, దాన్నీ తీసేయాలి. ఓసారి నేను తొందరపడి చివర ‘లో’ కనిపించిన ప్రతి మాటకీ కత్తెర వేస్తే, ఓస్లో కాస్తా ‘ఓస్’ అయి కూర్చుంది. మాట మొత్తంగా జాబితాలో ఉందేమో ముందు చూడండి, లేకపోతేనే కత్తిరించండి.

ఇక తప్పుల మాట. ఇంగ్లీషులో పెద్దక్షరమైనా కాస్త ఆధారం, మనకి అదీ లేదు. కరెంటు మీటర్ రీడింగ్ గురించిన వార్తని నా ప్రోగ్రామ్ ఇంగ్లండ్‌లోని రీడింగ్ పట్టణంలో పెట్టింది. టూర్, నైస్ కూడా ఫ్రాన్స్‌లో ఊళ్లే, జాగ్రత్త! ఇలాంటి మాటలకు విడిగా ఓ జాబితా పెట్టుకుని, పక్కన నగరం, దేశం, మేయర్ లాంటి తోడు మాట ఉంటేనే ఊరిగా లెక్కేయండి.

ఒకే పేరుతో రెండు ఊళ్లుంటే జనాభా ఎక్కువున్నదాన్ని తీసుకోవడం మామూలు పద్ధతి, చాలాసార్లు సరిపోతుంది. కానీ పారిస్ పక్కనే డాలస్ కనిపిస్తే అది టెక్సాస్‌లోని పారిస్ కావచ్చు. అందుకే ఒక వార్తలోని పేర్లన్నీ కలిపి చూసి, ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాటికి మొగ్గు చూపండి.

ఇవన్నీ సరిచేశాక కూడా ‘వాషింగ్టన్ ఒప్పుకోలేదు’ లాంటి వాక్యం మిమ్మల్ని ఏడిపిస్తుంది. అక్కడ వాషింగ్టన్ అంటే ప్రభుత్వం, సంఘటన జరిగింది ఇంకెక్కడో. దీనికి నా దగ్గరా పూర్తి మందు లేదు. ‘లో’, ‘నుంచి’ తగిలిన పేర్లకి ఎక్కువ మార్కులు, ఒప్పుకుంది, హెచ్చరించింది లాంటి క్రియలకు కర్తగా వచ్చినవాటికి తక్కువ వేస్తున్నాను.