ఆ మంగళవారం అతనికి మామూలు మంగళవారమే

ప్రియ మిత్రునికి,

వయసులో చిన్నవాళ్ళకు రాసే ఉత్తరాన్ని ‘చిరంజీవి’ అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట రాయబోయి ఆగిపోయాను. నీ స్నేహితుణ్ణి కూడా ఎందరో పెద్దలు ఆ మాటతోనే దీవించి ఉంటారు.

నువ్వు పంపిన స్మృతి వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఇరవై ఆరేళ్ళ మనిషి ఒక్క రోజులో లేకుండా పోయినప్పుడు, ఆ ఇంటివాళ్ళు సంస్మరణ సంచిక కోసం రాసిమ్మని అడిగినప్పుడు, కాదనలేక, రాయనూ లేక నువ్వు పడిన యాతన ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయితే పాఠకుడికి తెలియవలసింది నీ యాతన కాదు, అతను. ఈ ఆరు పేజీల్లో అతను నాకు ఒక్కచోటే కనబడ్డాడు. ఎవరింటికి వెళ్ళినా ఆగిపోయిన గడియారం కంటబడితే దాన్ని విప్పనిదే కూర్చునేవాడు కాదనీ, బాగుచేసినవి ఎన్నో తెలియదు గానీ మళ్ళీ బిగించలేక వదిలేసినవి మాత్రం రెండున్నాయనీ రాశావు. అది చదివి నవ్వాను. నవ్విన మరుక్షణమే అతను లేడన్న సంగతి గుర్తుకొచ్చి మనసు కలుక్కుమంది. ‘తీరని లోటు’ అని నువ్వు మూడుసార్లు రాసినా కలగని బాధ అది. కానీ ఆ వెంటనే ‘ఆ గడియారంలాగే అతని జీవితమూ ఆగిపోయింది’ అన్నావు. ఆ వాక్యం కొట్టెయ్యి. గడియారాన్ని గడియారంగానే ఉండనీ.

నీ వ్యాసంలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినది వేరే ఉంది. చివరి సంవత్సరం గురించి రాసిన ప్రతిచోటా నువ్వు రాబోయే చావు నీడను పరిచావు. ‘ఆ రోజు అతని చూపులో ఏదో వెలితి’, ‘వెళ్ళొస్తానని చెప్పిన తీరులోనే ఏదో ఉంది’, ‘తనకు ముందే తెలుసేమో’ అన్నావు. నిజంగా ఆ రోజున నీకు అలా అనిపించిందా? అనిపించి ఉంటే రాయి. లేకపోతే అది ఇవాళ తెలిసినదాన్ని తీసుకెళ్ళి నిన్నటి రోజులో దాచిపెట్టడమే అవుతుంది. హఠాత్తుగా పోయిన మనిషి విషయంలో మనందరమూ చేసే పొరపాటే ఇది. ముందే ఏదో సూచన ఉందనుకుంటే, ఇలా ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు సగం జవాబైనా దొరికినట్టు ఉంటుంది. కానీ దానికోసం మనం అతని దగ్గర ఒకటి లాగేసుకుంటున్నాం. నువ్వు అతన్ని చివరిసారి చూసిన ఆ మంగళవారం అతనికి మామూలు మంగళవారమే. తిరిగి ఇవ్వవలసిన పుస్తకం మరిచిపోయి వచ్చాడు, వచ్చేవారం తెస్తానన్నాడు, ఎవరి మీదో విసుక్కున్నాడు. వచ్చేవారం ఉంటుందనుకునే మనిషిగానే అతన్ని రాయాలి. ఆ తరువాతి రోజు సంగతి చదివేవాడికి ఎలాగూ తెలుసు. అతని చేత ముందుగా మోయించనక్కరలేదు.

‘నూరేళ్ళూ నిండిపోయాయి’ అని మన భాషలో ఇరవై ఏళ్ళవాళ్ళ గురించి కూడా అనేస్తారు. నాకు ఆ మాట ఒకప్పుడు క్రూరంగా తోచేది. ఇప్పుడు అందులో ఒక ఉపకారం కూడా ఉందనిపిస్తుంది. నువ్వు వ్యాసం చివర పేజీన్నర పాటు అతను కాబోయి ఉండగలిగినవన్నీ లెక్కపెట్టావు: గొప్ప ఇంజనీరు, మంచి తండ్రి, ఇంకా ఏమేమో. అవన్నీ నీ ఊహలే గానీ అతని జీవితం కాదు. అతనికి ఉన్నవి ఇరవై ఆరేళ్ళు. వాటినే నిండు జీవితంగా చూసి రాయి.

ఇక భాష సంగతి. చనిపోగానే మన రాతల్లో ‘వాడు’ కాస్తా ‘ఆయన’ అయిపోతాడు. మొదటి పేజీలో ‘అతను’, మూడో పేజీలో ‘వారు’, చివరికి ‘ఆ మహనీయుడు’ అన్నావు. ఎదురుగా ఉండి వింటే అతనే నీ వీపు మీద ఒకటి వేసి ఉండేవాడు! ‘అతను’ చాలు. నువ్వూ అతనూ మాట్లాడుకున్న చోట ‘ఒరేయ్’ అనే ఉంచు.

క్రియల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పోయినవాళ్ళ గురించి రాస్తున్నప్పుడు వాక్యాలన్నీ ‘వచ్చేవాడు’, ‘అనేవాడు’, ‘నవ్వేవాడు’ అని ఒకే తాళం మీద నడుస్తాయి, ఆ అలవాట్ల జాబితాలో మనిషి కరిగిపోతాడు. ఒక్క రోజును పట్టుకుని ‘వచ్చాడు, అన్నాడు, నవ్వాడు’ అని రాసి చూడు. అసలు క్రియే లేని వాక్యం తెలుగులో దొరికే వరం. ‘అతనికి వాన ఇష్టం.’ ‘అతను నా స్నేహితుడు.’ ఇందులో ఉన్నాడనీ లేదు, లేడనీ లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లులు ఆ వాక్యాలనే ఎందుకు వదలరో వాళ్ళ పక్కన కూర్చుని వింటే అర్థమవుతుంది.

ఐదో పేజీలో నువ్వు అతనితోనే నేరుగా మాట్లాడడం మొదలుపెట్టావు. శ్రీశ్రీ 1937లో చిన్న వయసులోనే పోయిన తన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావును అలాగే పలకరించాడు, 1950లో ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చినప్పుడు దానిని అతనికే అంకితమిచ్చాడు. కవితలో ఆ పిలుపు నిలుస్తుంది. నీ వచనంలో మాత్రం మీ ఇద్దరి మధ్య తలుపు మూసుకున్నట్టయి, అతని తల్లీ చెల్లెలూ బయటే ఉండిపోయారు.

మరణం గురించి ఒక్క వాక్యం చాలు. ఆ రాత్రి గంటగంటకూ ఏం జరిగిందో రాసిన పేజీ తీసెయ్యి. ఇంటివాళ్ళు దాన్ని ఇప్పటికే లెక్కలేనన్నిసార్లు తలుచుకుని ఉంటారు. ఎంత చెప్పాలన్నది వాళ్ళే నిర్ణయించాలి. రేపు ఎప్పుడైనా ఆత్మహత్య చేసుకున్నవారి గురించి రాయవలసి వస్తే మరీ జాగ్రత్తగా ఉండు. ఆ పద్ధతిని వర్ణించవద్దనీ, ఏదో ఒక్క కారణానికి ముడిపెట్టవద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలవారికి 2000లోనే సూచించింది. చదివేవాళ్ళలో అదే అంచున నిలబడినవాళ్ళు ఉండవచ్చు.

రెండు వారాల్లో అతని గురించి అంతా చెప్పెయ్యాలని కంగారుపడకు. ఆంగ్ల కవి టెన్నిసన్ స్నేహితుడు ఆర్థర్ హాలమ్ 1833లో, 22 ఏళ్ళకే, అనుకోకుండా పోయాడు. అతని కోసం రాస్తూ వచ్చిన కవితలను టెన్నిసన్ 1850లో గాని ప్రచురించలేదు. అప్పుడు కూడా పుస్తకం మీద తన పేరు వేసుకోలేదు. నీకు ఇవాళ అర్థమైనంత మేరకే రాయి.

ఇంకొక మాట. నేనూ ఒకప్పుడు ఇలాంటి వ్యాసంలోనే ‘ఎప్పుడూ చిరునవ్వుతో ఉండేవాడు’ అని రాశాను. అచ్చయ్యాక ఆ కుర్రవాడి అక్క చదివి, “బాగుందండీ, కానీ ఇది మా తమ్ముడు కాదు. వాడు పొద్దున్నే లేస్తే గంటసేపు ఎవరితోనూ మాట్లాడడు” అంది. ‘మాట్లాడేవాడు కాదు’ అనలేదు. ఆ గంటసేపటి మౌనమే నేను రాయవలసింది. అందుకని అచ్చుకు ఇచ్చేముందు నీ వ్యాసాన్ని అతని చెల్లెలికి చదివి వినిపించు. ఆమె మధ్యలో అడ్డుపడి “కాదు, అలా కాదు” అంటే కలం తీసుకుని ఆమె చెప్పింది రాసుకో.

ఆ గడియారాల్లో ఒకటి మీ ఇంట్లోనే ఉందన్నావు. రెండోది ఎవరింట్లో ఉందో, ఇప్పటికీ అలాగే విప్పి ఉందో కనుక్కుని రాయి.

నీ శ్రేయోభిలాషి