గోదావరి జిల్లాల్లో బీఎండబ్ల్యూ ఎం2 కొనవచ్చా? కాలువ గట్ల మీద నడుపుతున్నవాడి జవాబు

అడిగిన ప్రశ్న ఇది: “మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. వాడిన బీఎండబ్ల్యూ ఎం2, అదే రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి చూసి వచ్చాను, చాలా నచ్చింది. ఇంట్లో మాత్రం ఎత్తు బండి (ఎస్‌యూవీ) కొనమంటున్నారు. అంత కిందికి ఉండే కారు మన రోడ్ల మీద నడుస్తుందా?”

నడుస్తుంది. కొనండి. మిగతాది తీరిగ్గా చెబుతాను.

నాది రాజోలు. రొయ్యల మేత వ్యాపారం కనుక నా తిరుగుడంతా చెరువుల వెంట, కాలువల వెంట. నా దగ్గరున్నది ఎం2 కాంపిటీషన్, అంటే 2018 చివర్లో మన దేశానికి వచ్చిన రకం. అప్పట్లో షోరూము ధరే 79.90 లక్షలు. పూర్తిగా తయారై ఓడలో దిగే కారు కాబట్టి ఆ ధరలోనే దిగుమతి సుంకం బరువు ఉంటుంది, ఆ పైన లైఫ్ ట్యాక్స్. అందుకే నేను కూడా వాడిన కారునే హైదరాబాదులో కొని తెచ్చుకున్నాను. మేత బస్తాలకు వ్యాను ఉంది. మనుషులకు మాత్రం ఇదే. ఆసుపత్రికీ, పెళ్లికీ, బాకీల వసూలుకీ దీనిలోనే వెళతాను. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను గోదావరి దాటించే బల్లకట్టు) ఎక్కించి నరసాపురం కూడా తీసుకువెళ్లాను. పలకలు కాస్త ముందుకు జరిపి వేయమని అడిగితే పంటువాళ్లు వేశారు, బంపరుకు గీత కూడా పడలేదు.

మీవాళ్ల మొదటి అభ్యంతరం ‘కింద తగులుతుంది’ అనే కదా. చూసుకోకుండా నడిపితే తగులుతుంది. స్పీడ్ బ్రేకర్‌ను నేరుగా ఎక్కించకుండా ఏటవాలుగా తీసుకోవాలి. ఒక్కో చక్రం విడివిడిగా ఎక్కి దిగితే చాలావాటిని హాయిగా దాటవచ్చు. అసలు ఇందులో కారు తప్పేముంది? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున నిదానంగా లేవాలి, 10 సెంటీమీటర్ల ఎత్తుకు మించకూడదు. ఆ కొలతతో కట్టినదాన్ని ఎం2 ఏ ఇబ్బందీ లేకుండా దాటుతుంది. మన ఊళ్లలో జరుగుతున్నది వేరు. రోడ్డు వేసే మేస్త్రీని బతిమాలి ఎవరి గుమ్మం ముందు వాళ్లు ఒక దిమ్మె పోయించుకుంటున్నారు. దానికి రంగు ఉండదు, ముందు బోర్డు ఉండదు. చీకట్లో స్కూటరు వెనక కూర్చున్న ఆడవాళ్లు దాని మీద ఎగిరిపడి తలలు పగలగొట్టుకుంటున్నారు. దాని ముందు నా బంపరు గీరుకుపోవడం అసలు లెక్కలోది కాదు.

దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు ఇంకో సంగతి. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేరుస్తారు. కళ్లం లేక రోడ్డెక్కిన రైతును నేను ఒక్క మాట అనను. ధాన్యం ఎత్తుకున్నాక రాళ్లు తీయకుండా వెళ్లిపోవడం మాత్రం ఘోరం. చీకటి పడితే అవి ఏ బండికైనా ప్రమాదమే. ఎండుగడ్డి పరిచిన చోట కారు ఆపవద్దని కూడా గుర్తుంచుకోండి. దూరం నడిచి వచ్చిన కారులో, అడుగున పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా కాలి ఉంటుంది. ఎం2కు నేలతో ఎడం తక్కువ కనుక గడ్డి అంటుకునే ప్రమాదం ఉంది.

ఇవన్నీ కొద్ది రోజుల్లో చేతికి వచ్చే మెలకువలే. నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్నది కాలువ గురించి చెప్పడానికి.

మన డెల్టాలో రోడ్లు ఎక్కడ ఉన్నాయో ఒకసారి చూడండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీళ్లిచ్చే కాలువల గట్లలో చాలా భాగం బండి దారులయ్యాయి, తరవాత తారు రోడ్లయ్యాయి. ఒక పక్క నిండు కాలువ, ఇంకో పక్క పల్లంలో చేను గాని బోదె (పొలాల పిల్లకాలువ) గాని. గట్టుది జిగురు మట్టి. తడిస్తే ఉబ్బుతుంది, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఎండి నెర్రెలు ఇస్తుంది. ఏటా ఇలా ఉబ్బి, కుంగి, అంచులు నీటివైపు జారుతుంటాయి. తారు దాటాక బెత్తెడు గట్టి నేల కూడా ఉండని చోట్లు ఎన్నో. రక్షణ గోడ ఎందుకు లేదని అడిగితే రోడ్డు ఒకరిదంటారు, గట్టు ఇంకొకరిదంటారు. కార్లు కాలువలో పడిన వార్తలు పత్రికల జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. మీవాళ్లు భయపడవలసింది దీనికి. గట్టు మీద నుంచి జారకుండా ఆగే బండి ఏది అని అడగాలి వాళ్లు.

ధనుర్మాసంలో ఒక సాయంత్రం అమ్మను కంటి డాక్టరుకు చూపించి రాజమహేంద్రవరం నుంచి తిరిగి వస్తున్నాను. జొన్నాడ మీదుగా హైవే పడితే త్వరగా వచ్చేసేవాళ్లం. మా చెల్లెలు బెంగళూరు నుంచి పండక్కి వస్తోంది, ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని వెళదాం అంది అమ్మ. సరేనని ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా కాలువ రోడ్డు పట్టాను. కంట్లో మందు వేయడం వల్ల ఆవిడకు వెలుతురు పడటం లేదు. నల్ల కళ్లజోడు పెట్టుకుని, పూతరేకుల డబ్బాలు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నా పక్కన కూర్చుంది.

ఆత్రేయపురం దాటి లొల్ల లాకుల వైపు వస్తుంటే చీకటి పడింది. కాలువ మీద నుంచి మంచు లేచి రోడ్డు మీదికి వస్తోంది. బండి యాభై దాటనివ్వలేదు. మలుపు తిరగగానే ఎదురుగా నల్లటి గోడ. గడ్డి ట్రాక్టరు! రెండు పక్కలా గడ్డి వేలాడుతూ రోడ్డులో ముప్పాతిక వంతు అదే ఉంది. వెనక దీపం లేదు, ఎర్ర బిళ్ల కూడా లేదు. సరిగ్గా అప్పుడే అటువైపు నుంచి ఒక ఎత్తు బండి, పైన అదనంగా బిగించిన తెల్ల లైట్లతో, మిగిలిన సందులోకి వేగం తగ్గించకుండా వచ్చేసింది. చోటు చాలక ఎడమ చక్రాలు తారు దిగి కాలువ అంచున బురదలో పడ్డాయి. అతను కంగారుగా స్టీరింగు ఇటు తిప్పాడు. బండి నా వైపు ఒరిగింది. మళ్లీ అటు తిప్పాడు.

నేను అప్పటికే బ్రేకు మీద బలమంతా పెట్టాను. ఈ కారుకు పెట్టిన డబ్బంతా అక్కడ కనిపించింది. వెనక భాగం ఊగలేదు, స్టీరింగు వణకలేదు. ఆగుతూ ఉండగానే ఎడమకు బెత్తెడు జరపాలనుకున్నాను, సరిగ్గా అంతే జరిగింది. ఇంకొంచెం జరిగి ఉంటే బోదెలో ఉండేవాళ్లం. గడ్డికీ బానెట్‌కీ మధ్య మనిషి నిలబడేంత చోటు మిగిలింది.

ఎదుటి బండి నిలదొక్కుకోలేకపోయింది. రెండోసారి తిప్పినప్పుడు దాని వెనక చక్రం గట్టు దిగింది. కాలువ వాలులో ఉన్న కొబ్బరి మొద్దుకు ఆనుకుని, నీళ్లకు అడుగు దూరంలో ఒరిగి ఆగిపోయింది. ట్రాక్టరు అతనూ, నేనూ, లాకుల వైపు నుంచి పరుగెత్తుకొచ్చిన వాళ్లూ కలిసి ట్రాక్టరుకు తాడు కట్టి బండిని నిలిపి, పైవైపు తలుపు తెరిచి ఒక్కొక్కరినే లాగాం. ముందు చంటిబిడ్డను అందించారు. ఐదుగురూ క్షేమంగా బయటికి వచ్చారు.

అక్కడ చేరినవారిలో ఒక పెద్దాయన “బండి ఎత్తుగా, గట్టిగా ఉంది కాబట్టి బతికారు బాబూ. ఇదే మీ కారయితే కాలువలో ఉండేది” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. “నా కారు రోడ్డు మీదే ఉంది కదండీ, చూడండి” అన్నాను. ఆయన అటు చూశారు, ఇటు చూశారు, ఇంకేమీ అనలేదు.

కారు దగ్గరకు వచ్చేసరికి పూతరేకుల డబ్బాలు అమ్మ కాళ్ల దగ్గర పడి నలిగి ఉన్నాయి. ఆవిడ కళ్లు తెరవలేదు. “ఎవరికైనా తగిలామా నాన్నా?” అంది. లేదమ్మా అన్నాను. “అయితే పద” అంది.

ఆ పెద్దాయన మాటే మన జిల్లాల్లో అందరి మాట. ఎత్తు అంటే భద్రత అనుకుంటున్నారు. అంకెలు చూడండి. ఎం2 కాంపిటీషన్ ఎత్తు 1,410 మిల్లీమీటర్లు. మన దగ్గర ఎక్కువమంది కోరుకునే ఫార్చ్యూనర్ ఎత్తు 1,835. వెడల్పు మాత్రం ఒకటి 1,854, ఇంకొకటి 1,855. అంటే నిలబడే చోటు దాదాపు ఒకటే, దాని మీద పెట్టిన ఎత్తు అరమీటరుకు కాస్త తక్కువగా పెరిగింది. పైగా నా కారు టన్నున్నర చిల్లర, అది రెండు టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ 2001 నుంచి వాహనాలకు బోల్తా రేటింగు ఇస్తోంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని గరిమనాభి (బండి బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) ఎత్తుకు రెట్టింపుతో భాగించడం దానికి మూలం. వచ్చిన అంకె ఎంత పెద్దదైతే బండి అంత నిలకడ. ఎత్తు పెరిగేకొద్దీ అంకె పడిపోతుంది. వరద నీళ్లలోనో లంక పొలాల్లోనో దిగవలసినవారికి ఎత్తు బండి కావాలి, కాదనను. గట్టు రోడ్డు మీద కుటుంబాన్ని తిప్పే మనిషికి దానితో పని లేదు.

410 హార్స్‌పవర్‌తో రాజోలులో ఏం చేస్తారని కూడా అడుగుతారు. వరుసగా ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, ఇంజను నిమిషానికి 2,350 తిరుగుళ్ల నుంచే 550 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. నిలబడ్డచోటి నుంచి వందకు 4.2 సెకన్లు. నాలుగు వరుసల హైవే మీద కూడా చట్టం ఇచ్చేది ఆ వందే, నేను దాన్ని దాటను. ఈ శక్తి ఉపయోగపడేది 216వ నంబరు జాతీయ రహదారి మీద. రెండు వరుసల రోడ్డులో కొబ్బరికాయల లారీని దాటేటప్పుడు ఎదురు వరుసలో ఎంత తక్కువసేపు ఉంటే ప్రాణానికి అంత మంచిది. దీనితో కాలు నొక్కగానే లారీ వెనకబడుతుంది.

పెట్రోలు బంకులో ఆగినప్పుడల్లా మైలేజి ఎంతని అడుగుతారు. ఊళ్లో ఏడు, హైవే మీద పది. చెప్పగానే జాలిగా చూస్తారు. కాలువ పక్కన బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. బండి కొనేవాళ్లు అడగవలసిన మొదటి ప్రశ్న అదని నా గట్టి నమ్మకం. పెళ్లికొడుకును ఊరేగించడానికి కారు కావాలని వచ్చేవాళ్లు ఇంకో బాధ. రెండు తలుపుల కారులో పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురు వెనక సీటులోకి ఎలా వెళుతుందో ఎవరూ ఆలోచించరు.

ఇక కొనే ముందు తెలుసుకోవలసినవి. ఈ కారులో స్టెప్నీ రాదు. పంక్చరు అంటించుకునే కిట్టు మాత్రమే ఇస్తారు. టైరు పక్క గోడ చీలితే కారును మోసుకువెళ్లే బండి పిలవవలసిందే. టైర్ల కొలతలు ముందు 245/35, వెనక 265/35, రెండూ 19 అంగుళాల చక్రాలకు. ఈ కొలతలు మన పట్టణాల్లో అప్పటికప్పుడు దొరకవు, నేను ఒక జత ఎప్పుడూ గోడౌనులో ఉంచుతాను. కాంపిటీషన్‌లో సస్పెన్షన్‌ను మెత్తబరచుకునే వీలు లేదు, గుంత ప్రతిదీ నడుముకు తెలుస్తుంది. 2023లో వచ్చిన కొత్త ఎం2లో ఆ వీలు ఉంది, 460 హార్స్‌పవర్, కావాలంటే ఆరు గేర్ల మాన్యువల్ కూడా ఇచ్చారు. అయితే అది పొడవు, వెడల్పు, బరువు అన్నీ పెరిగిన కారు. గట్టు రోడ్డుకు నేను పాతదాన్నే ఎంచుకుంటాను.

రొయ్యల లారీల నుంచి కారే ఉప్పునీళ్లు, అంతర్వేది వైపు సముద్రపు గాలి రెండూ ఇనుమును తింటాయి. అటు వెళ్లి వచ్చిన రోజు కారు అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించండి. చెరువుల మట్టి తోలే టిప్పర్లు రోడ్డంతా జిగురు మట్టి రాలుస్తాయి. చినుకు పడితే అక్కడ కాలు జారినట్టే చక్రం జారుతుంది. వెనక చక్రాలతో నడిచే కారు కనుక కారు జారకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్‌ను ఆపే బటన్ జోలికి వెళ్లవద్దు.

బేరం కుదుర్చుకునే ముందు, ఎత్తు బండి కొనమంటున్న మీ ఇంటి పెద్దను ఎం2 పక్క సీటులో కూర్చోబెట్టండి. ముందూ వెనకా ఎవరూ లేని వెడల్పాటి రోడ్డు చూసుకుని, ఆయనకు ముందే చెప్పి, అరవైలో బ్రేకు నొక్కి ఆగిన చోట రాయి పెట్టండి. తరవాత ఆయన చెప్పే బండిని షోరూము నుంచి తెప్పించి అదే చోట, అదే వేగంలో ఆపి, ఆ రాయికి ఎంత ముందుకు వెళ్లిందో ఆయన్నే అడుగులతో కొలవమనండి.