పాత బిల్లు సరిదిద్దాలి, కొత్త పని ఆగకూడదు

సందేహం: గుంటూరు మిర్చి యార్డులోని కమిషన్ దుకాణాలకు మేం ముగ్గురం బిల్లుల సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో ఉంది, అందరం మెయిన్ బ్రాంచ్‌లోనే (కోడ్ ప్రధాన శాఖలోనే) రాస్తాం. 40 టిక్కీల (మిర్చి బస్తాల) లాటుకు గోతం బరువు ఒక్కసారే తీసేస్తున్న తప్పును మొన్న సరిదిద్ది పంపాం. దానితోపాటు సగమే రాసిన కోల్డ్ స్టోరేజీ విభాగమూ దుకాణాలకు చేరిపోయింది. ఇకపై ఎన్ని బ్రాంచ్‌లు పెట్టుకోవాలి?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మెయిన్ ఒకటి, దుకాణాల్లో నడుస్తున్న వెర్షన్‌కు రిలీజ్ బ్రాంచ్ ఒకటి. ఇవి కాక, ఒక్కో పనికి ఒక్కో చిన్న బ్రాంచ్. ఆ పని ముగిసి మెయిన్‌లో కలిశాక దాన్ని తీసేయండి.

బ్రాంచ్ తీస్తే కోడ్ మొత్తం మరో కాపీ అవుతుందని చాలామంది వెనకాడతారు. అదేమీ లేదు. కొత్త బ్రాంచ్ తీసి, ప్రాజెక్టులోని డాట్ గిట్ ఫోల్డర్‌లో రెఫ్స్, అందులో హెడ్స్ తెరవండి. మీ బ్రాంచ్ పేరుతో ఒక చిన్న ఫైలు కనిపిస్తుంది. సాధారణంగా అందులో ఉండేది 40 అక్షరాల కమిట్ (గిట్‌లో నమోదు చేసిన ఒక మార్పు) సంఖ్య మాత్రమే. కాబట్టి కోల్డ్ స్టోరేజీ పనికి ఈరోజే వేరే బ్రాంచ్ తీయండి. మెయిన్‌లో వచ్చే మార్పులను రోజూ అందులో కలుపుకోండి. నెలరోజులు విడిగా వదిలేసి ఒకేసారి కలపబోతే ఆ చిక్కుముళ్లు విప్పడానికే వారం పోతుంది.

గోతం బరువు లాంటి తప్పు దొరికితే ముందు మెయిన్‌లో దిద్దండి. ఆ ఒక్క కమిట్‌ను చెర్రీ పిక్ అనే గిట్ ఆదేశంతో రిలీజ్ బ్రాంచ్‌కు తెచ్చుకోండి. ఆ ఆదేశానికి మైనస్ ఎక్స్ (-x) అని చేరిస్తే అది ఏ కమిట్ నుంచి వచ్చిందో కమిట్ సందేశంలోనే నమోదవుతుంది. ఈ వరుస ఎందుకంటే, రిలీజ్‌లో మాత్రమే దిద్ది మెయిన్‌ను మరిచిపోతే, వచ్చే వెర్షన్‌లో అదే తప్పు మళ్లీ దుకాణానికి వెళ్తుంది. ఒకసారి సరిచేశామన్న తప్పు తిరిగొస్తే ఏ వ్యాపారీ మిమ్మల్ని నమ్మడు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను రాసింది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగమైన కెర్నల్ పని కోసమే. అక్కడ కూడా ఒక దిద్దుబాటు స్టేబుల్ వెర్షన్లకు వెళ్లాలంటే, అది లేదా దానికి సమానమైనది ముందు మెయిన్‌లైన్‌లో (అక్కడి ప్రధాన కోడ్‌లో) ఉండాలన్నది నియమం.

పంపే ప్రతి వెర్షన్‌కూ ట్యాగ్ (ఆ కమిట్‌కు గుర్తుగా ఒక పేరు) పెట్టండి. బ్రాంచ్ ముందుకు కదులుతుంది, ట్యాగ్ పెట్టినచోటే ఉంటుంది. ఫలానా దుకాణంలో 2.3 నడుస్తోందని తెలిస్తే అదే కోడ్‌ను నిమిషంలో తెరవగలగాలి. పాత వాటికి ట్యాగ్ లేకపోతే, పంపిన తేదీని బట్టి లాగ్‌లో (కమిట్ల జాబితాలో) కమిట్ వెతికి ఇప్పుడైనా పెట్టండి.

ఇక మొన్న వెళ్లిపోయిన సగం పని సంగతి. పాత వెర్షన్ మళ్లీ పంపే ముందు, కోల్డ్ స్టోరేజీ విభాగం దుకాణాల డేటాబేస్‌లో పట్టికలు మార్చిందేమో చూడండి. పాత బ్రాంచ్‌కు మారితే కోడ్ వెనక్కి వెళ్తుంది కానీ డేటాబేస్ వెళ్లదు. మార్చి ఉంటే ప్రతి దుకాణంలో ముందు బ్యాకప్ తీసి, ఆ తర్వాతే పాత వెర్షన్ ఎక్కించండి.