గంట పాఠం వెనక ఎన్ని గంటలు?

ప్రశ్న: దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాను. గచ్చిబౌలి వైపు ఒక యూనివర్సిటీలో గెస్ట్ ఫ్యాకల్టీగా రమ్మన్నారు. 60 మంది ఉన్న క్లాసు, నాకు కొత్త పేపరు (సబ్జెక్టు). వారానికి 4 గంటల చొప్పున 15 వారాలు, గంటకు రూ.800. ఒప్పుకోవచ్చా?

జవాబు: చేతికొచ్చేది 60 గంటలకు రూ.48,000. ఇప్పుడు పని లెక్క వేయండి. కొత్త పేపరుకు గంట పాఠానికి కనీసం 2 గంటలు చదవాలి, నోట్సు రాసుకోవాలి. అది 120 గంటలు. రెండు ఇంటర్నల్స్‌కు ఒక్కో జవాబుపత్రం 8 నిమిషాలు దిద్దినా 16 గంటలు, అసైన్‌మెంట్లకు మరో 5. ప్రశ్నపత్రం, మార్కుల ఎంట్రీ, ఇన్విజిలేషన్ కలిపి 9. పాఠంతో సహా మొత్తం 210 గంటలు. అంటే నిజంగా గంటకు పడేది సుమారు రూ.229. అమీర్‌పేటలో మెట్రో మారి, రాయదుర్గంలో దిగి ఆటో ఎక్కి వెళ్లి రావడానికి రోజుకు 3 గంటలనుకుంటే, వారానికి రెండు రోజులైతే ఇంకో 90 గంటలు పోతాయి. అప్పుడు రూ.160కి దిగుతుంది. టైంటేబుల్‌లో నాలుగు రోజులు, రోజుకో గంట వేస్తే ప్రయాణమే 180 గంటలు! అందుకే రేటు కంటే ముందు టైంటేబుల్ అడగండి, రెండు రోజుల్లో రెండేసి గంటలు వేయించుకోండి.

అదే పేపరు మళ్లీ చెప్పినప్పుడు తయారీ పాఠానికి ముప్పావుగంటకు తగ్గుతుంది. ప్రయాణం వదిలేస్తే మొత్తం 135 గంటలు, గంటకు సుమారు రూ.356. కాబట్టి కనీసం రెండు మూడేళ్లు అదే పేపరు ఇస్తారా, ఇంకో సెక్షన్‌కూ అదే ఇస్తారా అని హెచ్‌ఓడీని (విభాగాధిపతిని) అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. ప్రతి సెమిస్టర్‌కూ కొత్త పేపరు అంటగడితే మాత్రం ఈ పని గిట్టదు.

బేరానికి ఒక ఆధారం ఉంది. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల్లో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి పని 40 గంటలు, అందులో నేరుగా బోధన 16. తక్కిన 24 గంటలకూ వాళ్లకు జీతం ఉంది. గెస్టుకు ఆ వాటా గంట రేటులోనే కలిసి రావాలి. 2019లో యూజీసీ గెస్ట్ లెక్చర్‌కు రూ.1,500, నెలకు గరిష్ఠంగా రూ.50,000 అని చెప్పింది. అయితే రాష్ట్ర యూనివర్సిటీల్లో మీకు అందేది ఆ యూనివర్సిటీ ఉత్తర్వులో ఉన్న రేటే. ఆ కాగితం చూడకుండా చేరకండి.

ప్రశ్న: 60 గంటలు చెప్పాను, 52కే బిల్లు చేశారు. ఎందుకిలా?

జవాబు: తేడా ఎక్కువగా దసరా సెలవుల తర్వాత తీసుకున్న అదనపు క్లాసుల దగ్గర వస్తుంది. అవి టైంటేబుల్‌లో ఉండవు, బిల్లు చూసే గుమాస్తాకు ఆధారం దొరకదు. ఇంటర్నల్స్ రోజులు, ఫెస్ట్ రోజులు కూడా కోతకు గురవుతాయి. తేదీ, పీరియడ్, పాఠం, హాజరు సంఖ్య రాసిన పట్టీపై ప్రతి నెలాఖరుకూ హెచ్‌ఓడీ సంతకం తీసుకోండి. సెమిస్టర్ చివర ఒకేసారి అడిగితే ఎవరికీ గుర్తుండదు. అదనపు క్లాసుకు ముందే రెండు వాక్యాల ఈమెయిల్ పెట్టండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద రూ.10 ఫీజుతో బిల్లు నకలు అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఉంటే అదీ సరిచూసుకోండి. పన్ను కట్టాల్సిన ఆదాయం లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ప్రశ్న: సమాన పనికి సమాన వేతనం మాకు వర్తించదా?

జవాబు: 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రెగ్యులర్ ఉద్యోగితో సమానంగా పనిచేసే తాత్కాలిక ఉద్యోగికి పేస్కేలు కనీస మొత్తం ఇవ్వాలంది. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల విషయంలోనూ అదే చెప్పింది. వారానికి నాలుగు గంటలకు వెళ్లే గెస్టుకు ఇవి నేరుగా పనికొస్తాయని అనుకోవద్దు. పేరుకు గెస్టే అయినా 16 గంటలు చెబుతూ, వాల్యుయేషన్, ప్రాజెక్టులు కూడా చూస్తుంటే మాత్రం నియామక ఉత్తర్వులు, టైంటేబుళ్లు, డ్యూటీ పత్రాలు ఏడాదివారీగా దాచుకుని న్యాయవాదికి చూపించండి.