సాన్-వెరాన్‌లో కాపురమా? జూలైలో చూసి నిర్ణయించుకోవద్దు

ప్రశ్న: గ్రెనోబుల్‌లో ఉంటున్నాం అక్కా. మా ఆయనకి పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమ్. జూలైలో సాన్-వెరాన్ వెళ్లి చూసొచ్చాం, మనసు అక్కడే ఉండిపోయింది. ఇల్లు అద్దెకి తీసుకుందామనుకుంటున్నాం. రెండేళ్ల పాప ఉంది. అక్కడ మనం బతకగలమా, వాళ్లు మనల్ని కలుపుకుంటారా?

అమ్మాయీ, జూలైలో చూస్తే ఎవరి మనసైనా అక్కడే ఉండిపోతుంది. ఫ్రాన్స్ ఆల్ప్స్ కొండల్లో సాన్-వెరాన్ ఉన్న ఈ కేరా లోయలో నేను పదమూడేళ్లుగా ఉంటున్నాను. అందులో మొదటి ఐదేళ్లు సాన్-వెరాన్‌లోనే. నేను చెప్పేది ఒక్కటే. ఇల్లు ఖాయం చేసుకునే ముందు నవంబరులో వచ్చి ఒక వారం ఉండండి.

ఎందుకో చెబుతాను. ఆ ఊరు 2,040 మీటర్ల ఎత్తులో ఉంది. యూరప్‌లో ఏడాది పొడవునా మనుషులుండే ఊళ్లలో అంత ఎత్తున ఉన్నవి బహు తక్కువ. అక్కడ కోళ్లు నక్షత్రాలు పొడుచుకు తింటాయని ఇక్కడివాళ్ల మాట. జనాభా రెండు వందలకి అటూఇటూ. నువ్వు వేసవిలో చూసిన జనంలో సగానికి పైగా టూరిస్టులే. అక్టోబరులో మెలేజ్ (లార్చ్) చెట్లు సూదుల్లాంటి ఆకులు రాల్చే ముందు కొండకి పసుపు రాసినట్టుంటుంది. ఆ తర్వాత స్కీ సీజన్ మొదలయ్యే డిసెంబరు దాకా హోటళ్లు మూత, సగం ఇళ్ల కిటికీలు మూత. పిల్లని ఎత్తుకుని ఊరంతా తిరిగినా పలకరించడానికి నలుగురు కనబడరు. ఆ నెల నచ్చితే మిగతా పదకొండూ నచ్చుతాయి.

దారి సంగతి. కోల్ అన్యెల్, కోల్ ద ఇజోయార్ రెండు కనుమలూ శీతాకాలమంతా మూసేస్తారు. అప్పుడు మీకు మిగిలేది కింద ఉన్న గియెస్త్ర్ ఊరి వైపు గిల్ నది లోయలో కొండ చెక్కి వేసిన ఒకే ఒక్క రోడ్డు. రాళ్లు పడితే అదీ బంద్. 1957 జూన్‌లో గిల్ పొంగినప్పుడు లోయ మొత్తానికి బయటితో సంబంధం తెగిపోయింది. పెద్దవాళ్లు ఇప్పటికీ ఏ విషయం చెప్పినా వరదకి ముందు, వరద తర్వాత అని లెక్క చెబుతారు. నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా ఇలాంటి కొండ ప్రాంతాల్లో కారుకి స్నో టైర్లు గానీ, డిక్కీలో గొలుసులు గానీ ఉండాలి. 2021 నుంచి ఇది చట్టం. చట్టం సంగతి అటుంచు, గొలుసులు వేయడం ఎండలో ఒకటికి రెండుసార్లు ప్రాక్టీస్ చేసుకోండి. పాప ఏడుస్తుండగా చీకట్లో, చేతులు కొంకర్లు పోతుంటే నేర్చుకునే విద్య కాదది.

ఇప్పుడు వంట. సముద్రమట్టం దగ్గర నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి కదా, ఆ ఊరి ఎత్తులో దాదాపు 93కే మరిగిపోతాయి. తెర్లుతున్నట్టే కనబడతాయి, పప్పు మాత్రం ఉడకదు. నేను మొదటివారం గిన్నెలో కందిపప్పు పెట్టి గంటన్నర నిలబడ్డాను. పప్పు గింజ గింజగానే ఉంది, గ్యాస్ అయిపోయింది. కుక్కర్ లేకుండా ఆ ఊళ్లో అడుగు పెట్టకు. గ్రెనోబుల్‌లో నాలుగు విజిల్స్ పెట్టే పప్పుకి ఇక్కడ ఆరు, అదీ గంట నానబెట్టాక. పెరుగు చలికి తోడుకోదు. కట్టెల పొయ్యికి జానెడు దూరంలో తువ్వాలు చుట్టి పెట్టాలి. వడియాలకి మాత్రం ఇంత మంచి ఊరు ఇంకోటి లేదు. గాలి పొడి, ఎండ చురుకు, ఆగస్టులో రెండు రోజుల్లో గలగలలాడతాయి. మన సరుకులు లోయలో దొరకవు. పారిస్ వెళ్లినప్పుడు మన దుకాణాలుండే లా షాపెల్ పేటలో ఆరు నెలలకి సరిపడా తెచ్చుకోవడమే. గియెస్త్ర్ దగ్గరి మోన్-దోఫాన్ స్టేషన్ నుంచి పారిస్‌కి రాత్రి రైలుంది.

అద్దె ఇల్లు దొరకడమే అసలు తలనొప్పి. ఇక్కడ చాలావరకు సెలవుల ఇళ్లే. కొందరు ఓనర్లు ఏప్రిల్ నుంచి ఇచ్చి, స్కీ సీజన్ ముందు ఖాళీ చేయమంటారు. సామాన్లతో ఉన్న ఇల్లయితే కనీసం ఏడాది, ఖాళీ ఇల్లయితే మూడేళ్ల ఒప్పందం మీ హక్కు. ‘రెసిదాన్స్ ప్రాన్సిపాల్’ (ఏడాదంతా ఉండే అసలు ఇల్లు) అన్న మాట కాగితం మీద లేకపోతే సంతకం పెట్టొద్దు. రేపు కార్డ్ ద సెజూర్‌కి, అంటే మీ నివాస అనుమతి కార్డుకి, అడ్రస్ ప్రూఫ్ అదే. ఇల్లు మారిన మూడు నెలల్లోగా కొత్త అడ్రస్ తెలియజేయాలి. ఇక నుంచి మీ ప్రిఫెక్చర్ (ఆ పని చూసే జిల్లా ఆఫీసు) గాప్‌లో. ఇంటర్నెట్‌కి ఓనర్ మాట నమ్మకుండా టెలికాం నియంత్రణ సంస్థ ఆర్సెప్ మ్యాప్‌లో ఆ ఇంటి అడ్రస్సే కొట్టి చూడండి, మీ ఆయన జీతం దాని మీదే కదా. పాపకి మూడేళ్లు నిండే ఏడాది సెప్టెంబరు నుంచి బడి తప్పనిసరి. పదకొండో ఏట కొలేజ్ (ఇక్కడి మిడిల్ స్కూల్) అంటే గియెస్త్ర్‌కి రోజూ బస్సు. ఆసుపత్రి బ్రియాన్సోన్‌లో. అర్జెంటయితే 15 గానీ 112 గానీ.

కలుపుకుంటారా అన్నావు. ఇక్కడ కాస్త చరిత్ర తెలియాలి. 1343లో ఈ కొండ ఊళ్లవాళ్లు తమ ప్రభువు రెండో ఆంబేర్ దగ్గర డబ్బు కట్టి హక్కులు కొనుక్కున్నారు. పన్నులు తమలో తామే పంచుకోవడం, తమ పెద్దల్ని తామే ఎన్నుకోవడం. ఫ్రెంచి విప్లవం వచ్చేదాకా అలాగే నడిచింది. అందుకే మేరీ (మన పంచాయతీ ఆఫీసు లాంటిది) అంటే వీళ్లకి ఉత్త ఆఫీసు కాదు. దిగిన వారంలోనే వెళ్లి సెక్రటరీకి పరిచయం చేసుకోండి. చెత్త ఎక్కడ వేయాలో, మంచు తీసే బండి ఎన్నింటికి వస్తుందో, ఏ ఇల్లు ఖాళీ అవుతుందో అక్కడే తెలుస్తుంది. బయటికెళ్లి బతకడం అంటే ఏంటో కూడా వీళ్లకి తెలుసు. పూర్వం ఈ ప్రాంతపు పంతుళ్లు చలికాలం వస్తే టోపీలో ఈక పెట్టుకుని కింది ఊళ్ల సంతలకి దిగేవారు. ఒక ఈక ఉంటే చదవడం నేర్పుతాడు, రెండుంటే లెక్కలు కూడా, మూడుంటే లాటిన్ కూడా. పొట్టకూటి కోసం వచ్చినవాడిని వీళ్లు వింతగా చూడరు. బోంజూర్ చెప్పనివాడిని మాత్రం చూస్తారు. ముందు నువ్వే చెప్పు. అవతలివాళ్లు ‘తూ’ అనేదాకా ‘వూ’ వదలకు, మన నువ్వు, మీరు లాంటిదే.

మా మొదటి శీతాకాలం సంక్రాంతికి ఇండియా వెళ్తూ, బిల్లు ఎందుకని హీటింగ్ కట్టేసి వెళ్లాం. నీళ్లూ కట్టలేదు. పైపులు గడ్డకట్టి పగిలాయి. తలుపు కిందనుంచి నీళ్లొచ్చి గడపకి గాజుపలకలా పేరుకుంటే పక్కింటి ముసలావిడ చూసి, ఓనర్‌కి ఫోన్ చేసి వాల్వ్ కట్టించింది. తిరిగొచ్చాక ఆవిడ పైపుల గురించి ఒక్క ముక్క అనలేదు. “తాళం చెవి నాకెందుకు ఇవ్వలేదు?” అంది, నిజంగా నొచ్చుకుని. మా ఊళ్లో మా అమ్మ ఊరెళ్తే తాళం చెవి ఎదురింటివాళ్లకి ఇచ్చేది. ఫ్రాన్స్‌లో అలా ఇవ్వకూడదేమో, ప్రైవసీ అంటారేమో అనుకున్నాను నేను. ఆ తర్వాత మేం ఇల్లు మారేదాకా చెవి ఒకటి ఆవిడ దగ్గరే ఉండేది.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఇళ్లు కింద రాయి, పైన మెలేజ్ కలప. పైభాగం పూర్వం గడ్డికి. మనుషులు కింద పశువులతో పాటే, వాటి వెచ్చదనానికి పడుకునేవారు. అగ్గి అంటుకుంటే ఊరంతా కాలకుండా పేటల మధ్య ఖాళీ వదిలి కట్టారు. ఇప్పటికీ ఆ భయం పోలేదు. పొయ్యి గొట్టం ఏటా శుభ్రం చేయించిన రసీదు ఇన్సూరెన్స్‌వాళ్లు అడుగుతారు, పారేయొద్దు.

నవంబరులో ఎప్పుడొస్తారో ముందే చెప్పు, మా ఇంట్లోనే దిగండి. వస్తూ వస్తూ రెండు కిలోల కందిపప్పు పట్టుకురా, మాది అయిపోవచ్చింది.