2020లో కొన్ని కాలేజీ ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్‌లు (తమలో తాము పోటీపడే కాలేజీల గ్రూపులు) ఆడతామంటే, కొన్ని వద్దని ఎందుకన్నాయి?

అమెరికాలో పెద్ద కాలేజీ ఫుట్‌బాల్‌కి అందరి తరఫునా ఒక్క మాట చెప్పే పెద్ద దిక్కు లేదు, ఏ కాన్ఫరెన్స్ నిర్ణయం దానిదే. కరోనా వల్ల ఆగస్టు 11న బిగ్ టెన్, పాక్-12 అనే కాన్ఫరెన్స్‌లు సీజన్ వాయిదా వేశాయి, ఎస్ఈసీ, ఏసీసీ, బిగ్ 12 అనే మరో మూడు కాన్ఫరెన్స్‌లు మాత్రం ఆడతామన్నాయి.

అసలు భయం గుండె గురించి. కరోనా తగ్గాక కూడా గుండె కండరం వాచే ప్రమాదం ఉందని, ఆ స్థితిలో పరుగెత్తితే ప్రాణం మీదకే రావచ్చని డాక్టర్లు టెన్షన్ పడ్డారు. ఇంకోవైపు టీవీ డబ్బులు, ఆడనివ్వమని ఆటగాళ్ల ఒత్తిడి.

సెప్టెంబర్ 16న బిగ్ టెన్ మనసు మార్చుకుంది: రోజూ టెస్టులు, పాజిటివ్ వచ్చినవాళ్లకి గుండె పరీక్షలు, కనీసం 21 రోజులు మ్యాచ్‌లకి దూరం. వారం తర్వాత పాక్-12 కూడా అదే దారి పట్టింది. అప్పట్లో జీతం లేకుండా ఆడిన ఆ కుర్రాళ్లకి ఆ జాగ్రత్తలు మొదటి రోజు నుంచే ఉండాల్సింది.